బొట్టు కింద బొమ్మ

టిక్... టిక్... టిక్.

కంప్యూటరు డబ్బాలో పాత హార్డ్ డిస్కు కొట్టుకుంటోంది. మా అత్త జయమ్మ బల్లి పలికిందనుకుంది. వేలితో నేల మీద కొట్టి "సత్తెం" అంది.

ఏం సత్యమో. అంతకు ముందే ఆమె అన్న మాట — "వాని గొంతు యాడికీ పోదులే రేఖా."

బల్లి కాదత్తా, డిస్కు చస్తోంది... అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

వాడంటే ఆమె కొడుకు, నా మొగుడు జనార్దన్. పోయిన ఎండాకాలంలో పోయాడు. అంతవరకూ పుంగనూరు వీధుల్లో మైకు కట్టుకుని తిరిగే ఆటోలన్నిటిలోనూ అతని గొంతే. జాతరైనా, టమోటా నారైనా, చీరల తగ్గింపైనా ఈ గదిలో కూర్చుని ఈ కంప్యూటర్లోనే చెప్పేవాడు. ఇప్పుడా ఆటోల క్యాసెట్ల మీద వేరే గొంతులు ఎక్కించేసుకున్నారు. మిగిలింది ఈ డిస్కు ఒక్కటే.

అదేమో టిక్కుమంటోంది.

అందుకే మదనపల్లె పోయి కొత్తది తెచ్చాను. పాతదాని పక్కనే బిగించి, అదే కేబులుకు తగిలించి ఆన్ చేశాను.

నల్లటి తెర.

కొత్తదీ లేదు. పాతదీ లేదు.

విప్పాను. మళ్లీ బిగించాను. ఊదాను. తిట్టాను. నల్లటి తెర. బయట వడగాలి... కిటికీ రెక్క కొట్టుకుంటోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

డిస్కు అమ్మిన హరీష్‌కు ఫోన్ చేశాను.

"రెండూ నేనే పెద్ద అంటాండాయి అక్కా. కొత్తదాని వెనక సూదుల మీద చిన్న తొడుగు ఉండాది సూడు, జంపరు. దాన్ని జరపల్ల."

"యాడికి?"

"జంపరు యాడుండల్లనో డిస్కు మీద బొమ్మ ఏసుంటారు, అట్లే పెట్టు. ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. ఊరికే ఆన్ చేసి చేసి సూడగాకు. పాతది తట్టుకోదు."

బొమ్మ.

ఆ బొమ్మ మీదే ఉంది బొట్టు.

కొత్త వస్తువు ఏదొచ్చినా మా ఇంట్లో పసుపు కుంకుమ పెట్టాల్సిందే. గ్రైండరుకు పెట్టారు, మోపెడుకు పెట్టారు. ఇప్పుడు పెట్టే చెయ్యి ఇంట్లో లేదు. అత్తా నేనూ ఇద్దరమూ బొట్టు పోయినవాళ్లమే. అందుకని కొత్త డిస్కు తేగానే అత్త పక్కింటి మంగమ్మను పిలిపించింది. ఆ మహాతల్లి తడి పసుపు దండిగా పూసి, మధ్యన కుంకుమ అద్ది పోయింది. కాగితం లేబుల్ మీద, సరిగ్గా బొమ్మ మీద. ఇంకెక్కడా చోటే లేనట్టు. అది ఎండి అట్ట కట్టింది.

తడిగుడ్డ తీసుకున్నాను.

తుడవబోయి ఆగాను.

నా నుదుటి బొట్టు మీద ఇట్లాంటి తడిగుడ్డే పెట్టారు ఆ రోజు. కోపం వచ్చింది... మంగమ్మ మీద, హరీష్ మీద, ఈ తెర మీద. అందరికంటే, చెప్పకుండా పోయినవాడి మీద.

"యాల ఆగినావు?" అంది అత్త.

"బొట్టు తుడిస్తే గానీ కాదత్తా."

ఆమె నా చేతిలోంచి గుడ్డ తీసుకుంది.

"ఈడియ్యి. తుడిచేది మనకేమన్నా కొత్తా."

తుడిచింది. మెల్లగా, పసిబిడ్డ మూతి తుడిచినట్టు. కాగితం అంచు కొంచెం లేచింది. పసుపు మరక పోలేదు. దాని కిందనే సూదుల బొమ్మ, సన్నగా.

జంపరు జరిపాను. ఆన్ చేశాను.

నల్లటి తెర... తెల్లటి అక్షరాలు. పాత డిస్కు పేరు. దాని కింద కొత్తదాని పేరు.

జనార్దన్ ఫోల్డరును పట్టుకుని కొత్తదాంట్లోకి లాగాను. పచ్చ గీత కదిలింది. పాకింది. సగానికి వచ్చి ఆగింది.

కిటికీ రెక్క కొట్టుకుంటూనే ఉంది. అత్త పసుపంటిన గుడ్డను మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"వస్తాండాడా?" అంది.

"వస్తాండాడత్తా."

టిక్.

గోడ మీద చూశాను. బల్లి లేదు.

వేలితో నేల మీద కొట్టాను.

"సత్తెం" అన్నాను.