ఎనిమిది సాళ్ళ డ్రిల్లు కింద

మా అన్నయ్య ఏ వస్తువు కొన్నా ముందు దాన్ని తిడతాడు. ఎంత ఎక్కువ తిడితే అంత నచ్చిందని లెక్క. ఆ ఉదయం పాత యంత్రాల షెడ్డులో ఒకేసారి ఎనిమిది సాళ్ళు విత్తే సీడ్ డ్రిల్లు చుట్టూ తిరుగుతూ, రంగు పోయిందన్నాడు, టైర్లు అరిగాయన్నాడు, దీన్ని తయారుచేసినవాడికి బుద్ధి లేదన్నాడు. నా గుండెల్లో రాయి పడింది. ఇక దీన్ని వదలడు.

అది మామూలు డ్రిల్లు కాదు. గింజల్ని గుప్పెళ్ళతో పోసినట్టు పోయదు. లోపల చిల్లుల పళ్ళెం తిరుగుతూ ఒక్కో చిల్లుకు ఒక్కో గింజను పట్టుకుంటుంది, ఒక్కొక్కటే గొట్టంలోంచి సరిసమానమైన దూరంలో నేలలోకి వదులుతుంది. కొత్తది కొనే తాహతు మాకు లేదు, పాతవాటిలోనే మంచిది ఏరుకోవాలి. ఏరడం నా పని, కొనడం అన్నయ్య పని. నాన్న పోయినప్పటి నుంచీ మా సేద్యం ఇలాగే నడుస్తోంది.

నడుస్తోంది అంటే, అన్నయ్య ట్రాక్టరు మీద కూర్చుంటాడు. నేను డ్రిల్లు వెనక పలక మీద నిలబడి, తల వంచుకుని గొట్టాలనే చూస్తూ ఉంటాను. ఏ గొట్టంలోనైనా గింజ అడ్డం పడితే కేక వెయ్యాలి. వెయ్యకపోతే ఆ సాలు మొత్తం ఖాళీ. మొలకలు వచ్చేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు, తెలిసేసరికి మళ్ళీ విత్తడానికి నేలలో తడి పదును ఉండదు. దుమ్ము మింగడం, గొట్టాలు చూడడం, ఇదీ నా బతుకు. నా పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా విత్తులయ్యాక చూద్దామనేవాడు అన్నయ్య. విత్తులయ్యేవి, కోతలు వచ్చేవి. ఇప్పుడా మాట ఎత్తేవాళ్ళు కూడా లేరు.

నిజం చెప్పాలంటే ఆ రోజు నేను షెడ్డుకు వెళ్ళింది డ్రిల్లు ఏరడానికి కాదు, అన్నయ్యకు ఒక మాట చెప్పడానికి. పట్నంలో విత్తనాల ఫ్యాక్టరీవాళ్ళు మొలక పరీక్షలు చేసే గదిలో నాకు ఉద్యోగం ఇచ్చారు. సోమవారం చేరాలి. కుర్చీ, బల్ల, తల మీద కప్పు. ఆ మాటను మింగలేక కక్కలేక తిరుగుతున్నాను. వదినకు చెప్తే, "మీ అన్నయ్యకి నువ్వే చెప్పుకో తల్లీ, నన్ను మధ్యలోకి లాగకు," అంది. ఈ ఎనిమిది సాళ్ళది కొనేలోపు చెప్పాలి. వెనక మనిషి లేకుండా అది నడవదు. కొన్నాక చెప్తే అన్నయ్యను నిలువునా ముంచినట్టు, చెప్పకపోతే నేను మునిగినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

షెడ్డు యజమానిని అందరూ గ్రీజు బాబాయి అంటారు. ఆయన చేతుల అసలు రంగు ఏమిటో ఆయన భార్యకైనా తెలుసో లేదో. పక్కనే ఉన్న ఆరు సాళ్ళ డ్రిల్లు చూపించి, "దీనికి గంట ఉంది బాబూ. ఏ సాలులోనైనా గింజ పడకపోతే ట్రాక్టరు దగ్గరే కుయ్యిమంటుంది. ఒక్క మనిషి చాలు," అన్నాడు.

"గంట మా ఇంట్లోనే ఉంది," అని అన్నయ్య నన్ను చూపించాడు. "దీని నోటి ముందు నీ గంట ఏం పనికొస్తుంది? మా ఇద్దరికీ ఎనిమిది సాళ్ళదే బాగుంటుంది."

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏడవలేక. మా ఇద్దరికీ! అన్నయ్య చేతిలో ఏ యంత్రం పెట్టినా ఆ మాటే. చెడ్డవాడైతే తిట్టి బయటపడేదాన్ని. వాడు చెడ్డవాడు కాదు. పండినదాంట్లో సగం అడక్కుండానే నా పేరున వేస్తాడు. నన్ను ఎప్పుడూ ఏదీ అడగడు, అదే నా ఖర్మ.

"అన్నయ్యా, ఒక మాట."

"ముందు గొట్టాలు చూడవే. మాటలు ఇంటికెళ్ళాక."

"ఇంటికెళ్ళాక కాదు, ఇప్పుడే."

"అబ్బా, దీంతో వేగలేం. ఎండెక్కకముందే తేల్చేద్దాం, పడుకో."

గోనెపట్టా పరుచుకుని, పొడుగు చేతుల పొలం చొక్కా సర్దుకుని, డ్రిల్లు కిందికి దూరాను. డ్రిల్లును దిమ్మల మీదికి ఎత్తి పెట్టారు. ఒక్కో గొట్టానికీ అటూ ఇటూ నేలను చీల్చే ఇనప డిస్కులు ఉంటాయి. అవి ముందువైపు ఒకదానికొకటి ఆనుకుని, వెనకవైపు విడిపోయి ఉంటాయి. ఆ విడిపోయిన సందులోంచి చెయ్యి పెట్టి, గొట్టం అంచు వేలితో తడమాలి. పగులుంటే గింజ దానికి తగిలి ఎగిరిపడుతుంది, దూరాలు తప్పుతాయి. కంటికి కనిపించదు, వేలికే తెలుస్తుంది. ఒక్కొక్కటే చూసుకుంటూ "పగుల్లేదు" అని చెప్తున్నాను. నిజంగానే ఎక్కడా పగుల్లేదు. ఇంత మంచి డ్రిల్లు ఈ మధ్య చూడలేదు, నాకు దాని మీద ఒళ్ళు మండింది.

ఎడమ చివర గొట్టం డిస్కుల సందులో చెయ్యి పెట్టాను. సరిగ్గా అప్పుడే అన్నయ్యకు బేరింగు చప్పుడు వినాలనిపించింది. కింద చెల్లెలుందా, చచ్చిందా అని చూడకుండా ఆ డిస్కు పట్టుకుని గిర్రున తిప్పాడు. నా చొక్కా చెయ్యి లోపలికి చుట్టుకుపోయింది. దాంతోపాటు మణికట్టు కూడా సందులోకి పోయి బిగుసుకుంది.

"ఆపు!" అని అరిచాను.

ఆపాడు. వెనక్కి తిప్పబోతే తిరగలేదు. గుడ్డ ఉండకట్టి డిస్కుల మధ్య ఇరుక్కుపోయింది. గ్రీజు బాబాయి బ్లేడు తెచ్చి ప్రయత్నించాడు, ఆ సందులోకి బ్లేడు పోదు. డిస్కు ఊడదియ్యడం తప్ప దారి లేదు.

"చెయ్యి నొప్పిగా ఉందా?" అని అన్నయ్య వంగి అడిగాడు. మొహం పాలిపోయింది.

"లేదు, హాయిగా ఉంది. నువ్వూ వచ్చి పెట్టు."

నోరు బాగానే ఉందని వాడికి ధైర్యం వచ్చింది. స్పానర్ పట్టుకుని బోల్టు మీద పడ్డాడు. నేను పడుకున్నచోటి నుంచి నాకు వాడి చెప్పులు, బాబాయి బూట్లు, స్పానర్ కొన కనిపిస్తున్నాయి. స్పానర్ తిరుగుతున్న వైపు చూసేసరికి నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"అటు కాదు. ఎడమవైపు బోల్టులకి మర ఎదురు తిరిగి ఉంటుంది. నువ్వు బిగిస్తున్నావు."

"కింద పడుకుంటే అన్నీ తలకిందులుగానే కనిపిస్తాయిలే."

"బాబాయ్, నువ్వైనా చెప్పు."

"అమ్మాయి చెప్పిందే నిజం బాబూ," అన్నాడు గ్రీజు బాబాయి. అప్పటికే అన్నయ్య తన బలమంతా పెట్టి దాన్ని రాయిలా బిగించేశాడు. అసలే తుప్పు, దానికి తోడు మా అన్నయ్య. బాబాయి బోల్టు మీద డీజిలు పోసి, అది మరల్లోకి దిగేదాకా ఆగాలన్నాడు.

ఆగాం. వాళ్ళు నిలబడి, నేను పడుకుని. నడుము కింద సిమెంటు చల్లగా ఉంది, ముక్కు మీద డీజిలు బొట్టుబొట్టుగా పడుతోంది, తుడుచుకోవడానికి రెండో చెయ్యి పైకి రాదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నట్టు పైన బేరం మొదలైంది.

"ఈ మాత్రం పట్టు ఉందంటే యంత్రం గట్టిదే బాబూ," అన్నాడు బాబాయి.

"మా చెల్లిని పట్టుకున్నందుకు నువ్వే తగ్గించాలి," అన్నాడు అన్నయ్య. ఆ తర్వాత గొంతు తగ్గించి, నాకు వినపడదనుకున్నాడేమో, "దానికోసమే బాబాయ్ ఇంత పెద్దది. సాళ్ళు ఎక్కువుంటే పొలం త్వరగా అవుతుంది. అది ఎక్కువసేపు ఎండలో నిలబడక్కర్లేదు," అన్నాడు.

గోరుచుట్టు మీద రోకటి పోటు. నామీద ప్రేమతో నాకు సంకెళ్ళు కొంటున్నాడు. ఆ చెయ్యి ఖాళీగా ఉంటే వాణ్ణి కొట్టేదాన్నో, పట్టుకుని ఏడ్చేదాన్నో తెలీదు.

"సరే, ఖాయం చేసుకుందాం," అన్నాడు అన్నయ్య. జేబులో చెయ్యి పెట్టిన చప్పుడు వినిపించింది.

"అన్నయ్యా, కొనకు."

చెప్పులు నావైపు తిరిగాయి. "ఏం? గొట్టం పగిలిందా?"

ఎంత తేలిక! ఇరుక్కున్న చేతి వేలు ఇంకా గొట్టం అంచు మీదే ఉంది. అవును అంటే చాలు. నా వేలు మాటకు అన్నయ్య దగ్గర తిరుగులేదు. డ్రిల్లు ఇక్కడే పడి ఉంటుంది, మేం ఇంటికి పోతాం, చెప్పాల్సింది రేపటికో ఎల్లుండికో వాయిదా పడుతుంది. వేలితో మళ్ళీ తడిమాను. నున్నగా, గాజులా ఉంది.

"గొట్టం బాగుంది," అన్నాను. "నేనే ఉండను."

"ఎక్కడ ఉండవు?"

"పలక మీద. సోమవారం నుంచి విత్తనాల ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఒప్పుకున్నాను."

 అన్నయ్య మొహం కనిపిస్తే కనీసం ఏమనుకుంటున్నాడో తెలిసేది.  చెప్పులు వెనక్కి తిరిగి, షెడ్డు బయటికి వెళ్ళిపోయాయి.

గ్రీజు బాబాయి బూట్లు ఇబ్బందిగా అటూ ఇటూ కదిలాయి. "వస్తాడులేమ్మా," అన్నాడు.

"వస్తాడని తెలుసు బాబాయ్," అన్నాను. వచ్చి సరే ఉండిపో అంటే నేను ఉండిపోతానేమోనని నా భయం. అరిస్తే ఎదురు అరవగలను. బతిమాలితే మాత్రం నాకు చేతకాదు. ఇనుము కింద పడి ఉన్నాను, చెయ్యి తిమ్మిరెక్కుతోంది, ఏడుపు చెవుల్లోకి కారుతోంది. ఇంతకన్నా ఇరుక్కోవడం ఎవరివల్లా కాదనిపించింది.

అన్నయ్య ఎక్కడి నుంచో పొడుగాటి పైపు ఒకటి తెచ్చాడు. దాన్ని స్పానర్‌కు తొడిగి, ఈసారి నేను చెప్పినవైపే లాగాడు. బోల్టు కిర్రుమంది. డిస్కు వదులై పక్కకు వాలింది. చెయ్యి బయటికి తీసుకుని, పాక్కుంటూ వచ్చి కూర్చున్నాను.

"వేళ్ళు కదుపు," అన్నాడు.

కదిపాను.

"వదినకి తెలుసా?"

"తెలుసు."

"అంటే నాకొక్కడికే తెలీదన్నమాట."

"నీకు చెప్పబోయినప్పుడల్లా 'మా ఇద్దరికీ' అంటావు. ఆ తర్వాత ఏం చెప్పను?"

అన్నయ్య పైపును స్పానర్ నుంచి ఊడదీసి, దాని మీది తుప్పు అరచేత్తో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. నేను బతిమాలింపు కోసం కాచుకుని కూర్చున్నాను. అది రాలేదు.

"బాబాయ్, ఆ గంట ఉన్నది చూద్దాం," అన్నాడు.

ఆరు సాళ్ళదాని దగ్గరికి నడిచాం. అలవాటు కొద్దీ గోనెపట్టా నేనే తీసుకెళ్ళాను. అన్నయ్య దాన్ని నా చేతిలోంచి తీసుకుని, తనే పరుచుకున్నాడు.

"నడుం పట్టేస్తుంది. నేను చూస్తాలే," అన్నాను.

"వద్దు."

మూలుగుతూ పడుకుని, డిస్కుల సందులోంచి చెయ్యి పైకి పెట్టాడు. తడిమాడు. "బాగానే ఉంది," అన్నాడు.

"అది ఎరువు జారే గొట్టం, విత్తనానిది కాదు."

చెయ్యి ఆగిపోయింది. "సోమవారం నుంచి ఎవరు చెప్తారు?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు.

 గ్రీజు బాబాయి నోరు తెరవబోతే కళ్ళతోనే ఆపాను. అన్నయ్య చెయ్యి ఇనుము మీద తడుముకుంటూ పోతోంది. ఇంకాస్త ఇవతలికి, ఇంకాస్త పైకి అని నా నోటిదాకా వచ్చింది. పళ్ళు బిగించుకున్నాను. ఇప్పుడు చెప్తే సోమవారం నేను బస్సెక్కను, ఆ సంగతి నాకు బాగా తెలుసు.

చెయ్యి వెళ్ళకూడని చోట్లన్నిటికీ వెళ్ళి, చివరికి ఒకచోట నిలిచింది. ఈసారి విత్తనం గొట్టమే. వేలు పెట్టి అంచు చుట్టూ మెల్లగా తిప్పాడు.

"పగుల్లేదు," అన్నాడు, నాతో కాదు, గ్రీజు బాబాయితో.

ఇన్నేళ్ళూ ఆ మాట నేను చెప్పేదాన్ని. నాకు మళ్ళీ ఏడుపొచ్చింది. అన్నయ్య అప్పటికే పక్కకు జరిగి, రెండో గొట్టం వెతుక్కుంటున్నాడు.