నలభై ఒక్క వెండి రూపాయిలు

పాత వెండి నాణేల సంగతిల హైదరాబాద్ మొత్తంల నన్ను మించినోళ్ళు లేరు. నాణెం బండల మీద పడ్డ సప్పుడు విని అది ఏ రాజు కాలందో చెప్తా. ఆ రాజు ఆ పూట ఏం కూర తిన్నడో గూడ చెప్తా.

ఇది పచ్చి అబద్ధమని నా మొదటి నాణెమే తేల్చింది. అబిడ్స్‌ల ఒక సేటు దగ్గర విక్టోరియా రాణి రూపాయి కొనుక్కొచ్చిన. నల్లగ, జిడ్డుగ ఉండె. ఆ ఆదివారం సింకుల అంట్లు తోముతుంటే పక్కనే గట్టు మీద పెట్టిన. చెయ్యి ఊకుంటదా? చింతపండు, ఉప్పు, స్టీలు పీచు. రాణి ముక్కు తోమిన, కిరీటం తోమిన, ఆమె రాజ్యం మొత్తం తోమిన. తళతళలాడుతున్నదాన్ని తీస్కపోయి సేటుకు చూపిస్తే, ఆయన కండ్లద్దాలు తీసి పక్కన పెట్టిండు, ఎవరో పోయినట్టు.

"అమ్మా, ఆ నలుపే దాని వయసు. ఆ వయసుకే రేటు. మీరు తోమి తోమి వెండి ముక్క చేసిన్రు. ఇగ తూకానికే పోతది."

"ముందుగాల చెప్పాలె కదా సేటూ?"

"ముప్పై ఏండ్లయింది దుకాణం పెట్టి. మగోళ్ళు ఎవ్వరు తోమలేదమ్మా."

మెట్రోల వాపస్ వస్తుంటే అదే మాట చెవుల తిరిగింది. ఎందుకు తోముతరు? నల్లగ ఏది కనబడ్డా అది నా పనే అని వాళ్ళ చేతులకు ఎవ్వరు నేర్పలే. నాకు నేర్పిన్రు. ఎంత బాగ నేర్పిన్రంటే, నా పైసలతోని కొన్న నా సొంత నాణేన్ని నా చేతులతోనే ఖరాబ్ చేస్కున్న. గచ్చిబౌలి ఆఫీసుల నా ఉద్యోగం పక్కోళ్ళ కోడ్‌ల తప్పులు పట్టుడు. అక్కడ గూడ బర్త్‌డే కేకు తిన్నంక ప్లేట్లు ఎవరు తీస్తరని అందరు ఫోన్లల్ల తలకాయ పెట్టుకుంటే, తీరా చూస్తే ప్లేట్లు నా చేతులల్ల ఉంటయి. మా మేనేజర్ అవినాష్ అయితే "నవనీతా, మీటింగ్ నోట్స్ నువ్వే రాయి, నీ రాత నీట్‌గా ఉంటది" అంటడు. ల్యాప్‌టాప్‌ల కొట్టేదానికి నా రాత ఎట్ల నీట్‌గుంటదో ఐదేండ్ల సంది ఆలోచిస్తున్న, ఇంకా తేలలే.

అసలు నాణేలు ఎందుకు కొన్ననో చెప్పాలె. పెండ్లయినంక మా ఆయన మహేందర్ నాతోని ఎక్కువ సార్లు అన్న మాట "ఓటీపీ చెప్పు." నా జీతం కార్డు ఆయన జేబుల ఉంటది, ఓటీపీ నా ఫోనుకు వస్తది. భార్యాభర్తలన్నంక పని పంచుకోవాలె కదా. "నీ పైసలు నా పైసలు అని ఉంటయా? అన్ని మన పైసలే" అంటడు. ఆ మన పైసలతోని బాచుపల్లిల ప్లాట్ కొన్నం. ఆయన పేరు మీద. "రిజిస్ట్రేషన్ నాడు నీకు సెలవు దొరకలే కదా, ఏం చేయమంటవ్" అన్నడు. నా దగ్గర ఒక చెప్పుల జత తప్ప నా పేరు మీద ఏం లేదని ఆ నాడు లెక్క తేలింది. చెప్పుల మీద గూడ కంపెనీ పేరే ఉంటది.

పోయినేడు జీతంల హైక్ వచ్చింది. ఇంట్ల రాలేదని చెప్పిన. "హైకులన్ని ఏఐ తినేసింది" అన్న, సావు కబురు చెప్పినట్టు మొఖం పెట్టి. మహేందర్ పాపం నమ్మిండు. "నేను ముందే చెప్పిన, నీది టైంపాస్ నౌకరి" అని ఓదార్చిండు. టైంపాస్ నౌకరి జీతంల సగం ఆయన ప్లాట్ ఈఎంఐకే పోతది. హైక్ పైసలు వేరే అకౌంట్‌ల పడేటట్టు చేసిన. నెలకు రెండు, మూడు నాణేలు. రాణి రూపాయిలు, రాజు రూపాయిలు, మీద చార్మినార్ బొమ్మున్న నిజాం కాలం రూపాయిలు. మొదటిది తప్ప ఒక్కటి గూడ తోమలే. అల్మారిల నా ప్యాడ్స్ ప్యాకెట్ల మధ్యన పెట్టిన. మా ఇంట్ల దాని కన్నా గట్టి లాకర్ లేదు. ఆ అర తెరిస్తే చాలు, మహేందర్ కండ్లు పోతయన్నట్టు తల తిప్పుకుంటడు.

ఈ లోపట వెండి రేటు మండుకుంట పైకి పోయింది. "రెండేండ్ల కింద కొన్నుంటే ఎంతయ్యేది! ఇంట్ల ఒక్కరికన్న తెలివుంటే గిట్లుంటమా" అని మహేందర్ టీవీ ముందట తల పట్టుకున్నడు.

"అవును, ఒక్కరికన్న ఉండాలె" అన్న, చాయ్ ఇచ్చుకుంట.

పోయిన శనివారం హఫీజ్‌పేట్ నుంచి గచ్చిబౌలికి దావత్‌కు బయలెల్లినం. మహేందర్ నడుపుతున్నడు, నేను పక్కన, మా అత్తమ్మ సాయమ్మ వెనక. పాటలు పెడదామని నా ఫోను కారుకు కలిపిన. కొత్తగూడ చౌరస్తాల ట్రాఫిక్‌ల ఇరుక్కున్నప్పుడు ఫోను మోగింది. తెర మీద పేరు చూసి కట్ చేసేలోపే మహేందర్ ఎత్తిండు.

సేటు గొంతు కారు నిండ పరుచుకున్నది. "నవనీతమ్మా, మీరడిగిన చార్మినార్ రూపాయిలు రెండు దొరికినయి. ఇవి కలిస్తే మీ దగ్గర నలభై మూడైతయి."

మహేందర్ నా దిక్కు తిరిగిండు. "ఎవడు వీడు?"

"రాంగ్ నంబర్."

"నీ పేరు పెట్టి పిలుస్తున్నడు."

"హైదరాబాద్‌ల నవనీతలు లక్షా ఇరవై వేల మంది ఉన్నరు."

సేటు ఇంకా లైన్ల ఉన్నడు. "అమ్మా, సోమవారం వస్తరా?"

"వస్త" అని పెట్టేసిన.

వెనక నుంచి అత్తమ్మ ముందుకు వంగింది. "పిల్లా, అవి వెండివే కదా? ఈ రెండు తీస్తే నలభై ఒకటి, ఎన్ని తులాలైతయి?"

"నలభై ఐదు దాటుతది, అత్తమ్మా."

"నువ్వూకోవే అమ్మా!" అని తల్లి మీద అరిచి నా దిక్కు మర్లిండు మహేందర్. "హైక్ రాలేదంటివి. మొగుని దగ్గర దాచుడేంది? గిదేం సంసారం?"

"హైక్ వచ్చింది. దాచిన. పెట్టుబడి పెట్టిన."

అత్తమ్మ నోరు నొక్కుకున్నది. "మా ఇండ్లల్ల గిసుంటి దొంగతనం ఎన్నడు లేదు బిడ్డా."

"జీతం దాస్తే దొంగతనమైతదా అత్తమ్మా? మరి గుంజుకుంటే ఏమైతది?"

కారు నాలుగు గజాలు జరిగింది. మహేందర్ మెల్లగ చల్లబడ్డడు, లెక్క కట్టుకున్నట్టున్నడు. గొంతు మెత్తగైంది. "సరే తియ్, అయిందేదో అయింది. రేటు మస్తున్నది. సోమవారం అన్ని అమ్మేద్దాం. ప్లాట్‌ల ఇంటి పని షురూ చేస్తం."

"అమ్మను."

"ఇంకా పెరుగుతదనా?"

"పెరిగినా అమ్మను."

"అదేందే! రేటు పెరిగితే అమ్ముకునుడే కదా పెట్టుబడంటే? అమ్మనిదానివి ఎందుకు కొన్నవ్ మరి?"

నేను నిజంగ దొరికిపోయింది అప్పుడు. ఏఐ అన్న, రాంగ్ నంబర్ అన్న, ఎన్నో అన్న. దీనికి మాత్రం నోట్ల అబద్ధం తయారుగ లేకుండె.

"పెట్టుబడి కాదు, మహేందర్" అన్న. "నీకు, నాకు ఇద్దరికి అబద్ధం చెప్పిన. వెండి రేటు ఎంతున్నదో చూడక మూడు నెలలైంది. ఎవ్వరిని అడగకుండ ఒకటి కొంటే ఎట్లుంటదో చూద్దామని కొన్న. మస్తున్నది. సోమవారం పోయి ఆ రెండు గూడ తెచ్చుకుంట."