రాతికట్టు లేని బావి

“ఎక్కిరా నాయినా! ఆ పడమటి పక్క మళ్లా మన్ను రాల్తాండాది!”

కృపమణి సంగటి గంప గట్టున దించి బావిలోకి తొంగిచూసింది. అడుగు నుంచి ఆమె కొడుకు సుందరం నవ్వాడు. “నీకు ఎలుక తుమ్మినా కొండ కూలినట్లే గదమ్మా!”

అయినా తాడు పట్టుకొని పైకి వచ్చి సంగటి ముందు కూర్చున్నాడు.

రోజుకు ఆరణాల కూలి. ఐదు నిలువులు తవ్వేసరికి అడుగున చెమ్మ తగిలింది. కాని అది సవుడు నేల. చుట్టూ రాయి కట్టకపోతే నిలవదు. కోడుమూరు దిక్కున మబ్బు కమ్ముతోంది. నిరుడు వంక నీళ్లు తాగి పేటలో కలరా వచ్చినప్పుడు కృపమణి కూతురు పోయింది. ఆ తరువాతే ఈ బావి మంజూరైంది. ఇప్పుడు ఈ బావి ఉన్న ఒక్కడినీ మింగుతుందేమోనని ఆమెకు రాత్రిళ్లు నిద్ర లేదు.

కొంచెం అవతల వలి సాహెబు రెండు బండ్ల రాయితో నిలబడ్డాడు. డబ్బు ముట్టలేదని రాయి దించలేదు. గనిలో రొక్కం కట్టందే అతనికి మరో బండి రాయి పుట్టదు. జిల్లా బోర్డు బావికిచ్చిన ఆరు వందలూ కర్నూలులో ఒక బ్యాంకులో ఉన్నాయి. వాటి కోసం పోయిన పంచాయితీ ప్రెసిడెంటు గోపన్న మధ్యాహ్నం బస్సు దిగి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు.

“దుడ్లు రాలేదు.”

“యాడ పోయినాయప్పా?” అన్నాడు వలి సాహెబు.

“బోర్డుల సొమ్ము మార్చి దాకా ఎవురూ అడగరంట. అది బ్యాంకోళ్ల వాడిక. అంతా శెనిక్కాయల షావుకార్లకు అప్పులిచ్చినారు. ధర పడిపోయి కాయలు గిడ్డంగుల్లో ఉండాయి. అవి అమ్ముడుపోతేనే మనకు.”

“కొంతన్నా పక్కన పెట్టుకోకూడదా అని అడగల్యా?”

“అడిగినా. పెట్టెలో పండుకున్న దుడ్డు వడ్డీ కంటాదా అని నవ్వె మేనేజరు.”

“అర్ధ రూపాయి వడ్డీ ఎక్కువొస్తాదని సర్కారు ఖజానా ఇడిసిపెట్టి ఆడ ఏసింది నువ్వే గదప్పా!”

గోపన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

కృపమణి ముందుకొచ్చింది. “గుళ్లో మేమంతా దినామూ పిడికెడు పిడికెడు ఏసిన గింజల కుండ ఉండాది సామీ. కరువులో పిల్లోళ్లు ఏడ్చినా ముట్టల్యా. మా బావి దుడ్లు ఎవురు ముట్టమన్న్యారు?”

“రాయి తర్వాత సూస్తాం లేమ్మా. ముందు నీళ్లు పడనీ. పని ఆగిందని తెలిస్తే బోర్డు వాళ్లు మంజూరే రద్దు చేస్తారు. దిగు సుందరం!”

సుందరం చేయి కడుక్కొని లేచాడు. అంతలో కృపమణి తాడు పైకి లాగి, చుట్ట చుట్టి, దాని మీద కూర్చుంది.

“రాయి దిగినంకనే నా కొడుకు దిగేది.”

“లేమ్మా, అందరూ సూస్తాండారు,” అన్నాడు సుందరం మెల్లగా.

“సూడనీ.”

“బావి పోతే మళ్లా వంక నీళ్లేనమ్మా మీకు!” అన్నాడు గోపన్న.

కూతురి ఎండిన పెదవులు కళ్లలో మెదిలాయి. బావి పోతే పోనీ అనడానికి ఆమెకు నోరు రాలేదు. లేవనూ లేదు.

లోపల ఎక్కడో ఒక మంటిపెళ్ల జారి తడిలో పడిన చప్పుడయింది. వలి సాహెబు మబ్బు వైపు చూసి, ఇప్పట్లో కదిలేది లేనట్టు ఎద్దుల మెడల మీది కాడి దించాడు. రాళ్లను మాత్రం దించలేదు.