కళ్లంలో పల్లేరు

నేను ఒక పల్లేరు మొక్కను. బతుకు మొదలుపెట్టిన నాడు నా చేతిలో ఉన్నది ముళ్లకాయ ముక్క ఒకటి, అందులో గింజ, చుట్టూ ఎవరూ కోరని గరుసునేల. అదే పెట్టుబడి. అనంతపురం వైపు మెట్టభూముల్లో వాన ఎప్పుడు కరుణిస్తుందో, ఎప్పుడు మొహం తిప్పుకుంటుందో తెలియదు. అందుకే మా వంశంలో నింపాదిగా పెరిగే అలవాటు లేదు. ఒక్క వాన పదును దొరికితే చాలు, మొలవాలి, నేలకంటుకుని తీగలు చాచాలి, పొద్దున పూసి మధ్యాహ్నానికి రాల్చుకోవాలి, కాయ కట్టాలి. నా పసుపుపచ్చ పువ్వు చూడ్డానికి బాగానే ఉంటుంది. దాన్ని తలలో పెట్టుకున్నవాళ్లు లేరు. నేనూ ఆశించలేదు.

నా సరుకంతా కాయలే. ఎండితే ముక్కలుగా విడిపోతాయి. ఎటు పడేసినా ఒక ముల్లు పైకే చూస్తుంది. కదలలేనిదాన్ని కాబట్టి ఇతరుల కాళ్ల మీదే నా రవాణా. అయితే మనుషుల పాదాలతో బేరం ఎన్నడూ గిట్టుబాటు కాలేదు. గుచ్చుకోగానే ఆగిపోతారు, తిడతారు, పెరికి అక్కడే పారేస్తారు. తరతరాలుగా ఇదే తంతు. ఎంత గుచ్చినా గట్టు దాటింది లేదు. ముల్లుకైనా విసుగు రాదా?

ఆ ఏడు నా పక్క చేను సుంకమ్మ, ఆమె మొగుడు కుళ్లాయప్ప కౌలుకు తీసుకుని వేరుసెనగ వేశారు. అంతకు ముందటేడు పంట ఎండిపోయి వాళ్లకు విత్తనం కూడా మిగల్లేదు. సుంకమ్మ ఇంటింటికీ తిరిగి విత్తనం అడుక్కుంది. మళ్లీ అలా తిరగకూడదని, ఈ పంటలోంచే వచ్చే ఏటికి దాచుకోవాలని ఆమె పట్టుదల. తడిసిన వేరుసెనగ కాయ మొలకెత్తిపోతుంది, విత్తనానికి పనికిరాదు. ఆ బాధ నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. నేనూ గింజ మీద బతికేదాన్నే.

కాయలు ఆరబెట్టే కళ్లానికి నేనున్న చోటే చదునుగా కనిపించింది. సుంకమ్మ నన్ను వేళ్లతో సహా పీకింది. పనిమంతురాలే, తొందరలో పొరబడింది. కాయ పండిన పల్లేరును చుట్టచుట్టి గంపలోకి ఎత్తాలి. ఆమె తీగ పట్టుకుని ఈడ్చుకుపోయింది. నా సరుకంతా ఈడ్చిన మేరంతా రాలింది. దాని మీదే నీళ్లు చల్లి, పేడతో అలికింది. గట్టు మీద పారేసిన తీగ ఎండి గాలికి కొట్టుకుపోయింది. ఇక కాయల్లో ఉన్నదే నేను.

అలుకు ఎండి పగిలింది. నా ముళ్లు తల ఎత్తాయి. వాటి మీదే వేరుసెనగ కాయలు పరిచారు.

కాయ గలగలలాడేంతగా ఎండిన నాడు మధ్యాహ్నం తూర్పున మబ్బు కమ్మింది. పక్క చేలో పనిచేస్తున్న మారెక్కనూ ఆమె వెంట ఉన్న కూలి ఆడవాళ్లనూ సుంకమ్మ కేకేసింది. వాళ్లు చెప్పులు బయట విడిచి వచ్చారు. పంట పడి ఉన్న కళ్లాన్ని అక్కడ చెప్పులతో తొక్కరు, దేవుడి గదితో సమానం. నాలుగడుగులు వేశారో లేదో అందరూ కొంగల్లా ఒంటికాలి మీద నిలబడ్డారు.

"ఇది కళ్లమా, పల్లేర్ల చేనా?" అంది మారెక్క. "మావేమన్నా ఇనప కాళ్లనుకున్నావా సుంకమ్మా?"

సుంకమ్మ మబ్బు వైపు చూసింది. "చెప్పులేసుకోని రాండక్కా."

కుళ్లాయప్ప తన చెప్పులు చేత్తో పట్టుకుని అంచున నిలబడి ఉన్నాడు. "చెప్పులతో తొక్కితే లచ్చిమి నిలుస్తాదా మే?"

"తడిసి మొలకెత్తినాక యా లచ్చిమి నిలుస్తాదో నువ్వే చెప్పు. మళ్లా ఇంటింటికీ తిరిగేది నేను గదా."

"ఏం అన్నా, మీ లచ్చిమికి మాత్రం గుచ్చుకోవా ఈ పల్లేర్లు?" అంది మారెక్క. "ఆయమ్మ గూడా చెప్పులేసుకోనే వచ్చింటాదిలే."

ఆడవాళ్లు నవ్వుతూ చెప్పులు తొడుక్కున్నారు. కుళ్లాయప్ప నవ్వలేదు. చినుకొకటి ముంజేతి మీద పడ్డాక చెప్పులు కింద పెట్టాడు, వంగి నేలను తాకి కళ్లకద్దుకున్నాడు, వాటిలో కాళ్లు దూర్చాడు. ఆ తర్వాత అందరికంటే ఎక్కువ పని అతనే చేశాడు. కుప్ప వేసి, పట్ట కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టేసరికి వాన దిగింది.

తడుస్తూ ఇళ్లకు పరుగెత్తారు. వాళ్ల చెప్పుల అడుగున నేనూ బయలుదేరాను. చెప్పుకు నొప్పి లేదు, కోపం లేదు, ఆగి పెరికి పారేయడం తెలియదు. మారెక్కతో వాళ్ల వీధికి పోయాను. ఇంకొకామెతో బస్సాగే చోటికి, కుళ్లాయప్పతో టీ కొట్టు ముందుకు. తరతరాలుగా దాటలేని గట్టు ఒక్క సాయంత్రం దాటాను.

లాభమెంతంటారా? ఒక చోట ఉన్నదాన్ని ఊరంతా అయ్యాను. చేరిన ప్రతిచోటా అదే గరుసునేల, అవే ఎండలు, అవే తిట్లు. వ్యాపారం పెరిగింది, విశ్రాంతి పెరగలేదు. సుంకమ్మ మంచి కాయలు ఏరి, వేపాకు కలిపి, గోనెసంచిలో కట్టి అటకెక్కించింది. ఆమె వాకిట మట్టిలో నేను పడి ఉన్నాను. కూడినా తీసివేసినా, ఆమెకు గానీ నాకు గానీ మిగిలింది వచ్చే వానకు వేసుకోవడానికి గింజలే.