పడసాలలో మగ్గం, పెరట్లో కేబిన్

అనుమానం మీద పన్ను వేస్తే ధర్మవరం మునిసిపాలిటీని ఆంజనప్ప ఒక్కడే పోషించేవాడు. పాలలో నీళ్లు కలిశాయేమోనని అనుమానం, చిక్కగా ఉంటే ఇంకేం కలిసిందోనని అనుమానం. అలాంటి మనిషి ఇంటి పెరట్లోకి ఒక ఉదయం హిందూపురం నుంచి లారీ వచ్చి ఇనుప చట్రాలు, చెక్క పలకలు, చాపలా చుట్టిన పచ్చగడ్డి దించి పోయిందంటే ఇక చెప్పేదేముంది. ఆ పూట ఆయన మగ్గం మీద నాడె ఆడలేదు, నేత ఆగిపోయింది.

ఆ ఇంట్లో ఉండేది నలుగురు. భార్య పోయి ఆరేళ్లయింది. కొడుకు లక్ష్మీకాంత్‌కు పెనుకొండ దగ్గర కంపెనీలో ఉద్యోగం. కోడలు సుమ ఇంట్లో కూర్చునే ఫోనులో చీరలు చూపించి అమ్ముతుంది. మనవరాలు యామినికి రెండున్నరేళ్లు; ఈమధ్యే బాత్రూము మెట్టు మీద జారి నుదుట కుట్లు పడ్డాయి. వీళ్లందరికంటే ఎక్కువ జాగా తీసుకున్నది మాత్రం పడసాలలో ఉన్న గుంతమగ్గం. నేలలో తొడల లోతు గుంత తవ్వి, అందులోకి కాళ్లు దించి కూర్చుని, అడుగున ఉన్న పలకలు తొక్కుతూ నేస్తాడు ఆంజనప్ప. ఆ గుంత ఆయన నాయన తవ్వింది.

పెరట్లో కేబిన్ ఎందుకని అడిగితే, పాప ఆడుకోవడానికని చెప్పాడు లక్ష్మీకాంత్. పాప గడ్డి మీద ఆడుకుంటుంటే సుమ కేబిన్లో కూర్చుని తన పని చేసుకుంటుందట.

“బిడ్డ ఆడుకోను ఇల్లు చాలదా?” అన్నాడు ఆంజనప్ప.

కొడుకు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. “ఇంట్లో జాగా యాడుండాది నాయనా.”

ఆ మాట ముల్లులా దిగింది. జాగా లేదంటే ఏమిటి అర్థం? పడసాలలో సగం మగ్గానిదే కదా. మగ్గం తీసేయమని నోటితో అనలేక, దాన్ని పెరట్లోకి నెట్టడానికి కేబిన్ కడుతున్నారు. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదేనని ఆంజనప్ప తీర్మానించుకున్నాడు. ఒకసారి తీర్మానించుకున్నాక, కనిపించిందల్లా సాక్ష్యమే అయింది.

కేబిన్ బిగించే తిరుపాల్‌కు స్వయంగా టీ తీసుకెళ్లి ఇచ్చి కొలతలు రాబట్టాడు. పన్నెండడుగులకు పది. తన మగ్గం తీసుకెళ్లి పెడితే సరిగ్గా పడుతుంది. కిటికీ తూర్పు వైపు పెట్టారు, పొద్దున్నే వెలుతురు నేత మీద పడేటట్టు. చిన్నపిల్ల ఆటలకు తూర్పు కిటికీ ఎందుకట? తిరుపాల్ గడ్డి పరుస్తుంటే ఆంజనప్ప అంచు పట్టుకుని తిరగేసి చూశాడు. నలభై ఏళ్లు నేసిన చేతికి తెలియకుండా పోతుందా. నేసింది కాదు, అట్టకు గుచ్చిన ప్లాస్టిక్ దారం. వెనుక రబ్బరు పూసి దాచారు. అబద్ధపు గడ్డి మీద నిజం మాట ఎవరు చెబుతారులే అనుకున్నాడు. పక్కింటి మేక కూడా గోడ దూకి వచ్చి, ఒకసారి మూతి పెట్టి, మోసపోయినట్టు అతని వైపు చూసి వెళ్లిపోయింది.

ఇంకో వింత. ఆంజనప్ప టీకని లేచి వెళ్లి వచ్చేసరికి గుంత మీద చెక్క కప్పి ఉంటుంది. ఒకప్పుడు తనే కప్పేవాడు. మోకాళ్లు నొప్పులు మొదలయ్యాక వంగి కప్పడం, మళ్లీ వంగి తీయడం ఎందుకని మానేశాడు. ఇప్పుడు కప్పుతున్నది సుమ. అడిగితే ఎలుకలు పడతాయంది. ఇన్నేళ్లు పడని ఎలుకలు ఇప్పుడే పడతాయా? గుంత లేకపోతే పడసాల ఎంత విశాలంగా ఉంటుందో చూసుకుంటోందని అతనికి అర్థమైపోయింది. పైగా తను మగ్గం దగ్గరికి రాగానే పాపను చంకనెత్తుకుని పెరట్లోకి వెళ్లిపోతుంది. ఒకరోజు వంటింటి గుమ్మం దగ్గర కొడుకు గొంతు వినిపించింది. “నాయనకు మాత్రం తెలీకూడదు.” ఆంజనప్ప అడుగు వెనక్కి వేశాడు. పెంచిన కొడుకే ఇలా గుట్టు దాస్తాడా అని ఏడుపొచ్చింది, ఏడవలేదు.

ఏడవకుండా ఉపాయం పన్నాడు. పడుగు ఉన్న మగ్గాన్ని ఏ మొనగాడూ కదిలించలేడు. వేల పట్టుదారాలు బిగువుగా సాగి ఉంటాయి. జరిపితే వదులై చిక్కు పడి మొత్తం పాడవుతుంది. ఆ సంగతి నేతగాడి ఇంట్లో పుట్టిన లక్ష్మీకాంత్‌కూ తెలుసు. కాబట్టి పడుగు అయిపోకూడదు. మూడు చీరల పడుగులో రెండు దిగిపోయాయి, మూడోది మిగిలింది. వారం పట్టే చీరను నెల సాగదీశాడు. ఒకరోజు నడుం నొప్పి, ఒకరోజు కళ్ల మంట, ఒకరోజు జరీ బాగాలేదు. ఆ చీర పురమాయించిన పెళ్లివాళ్లు హిందూపురం నుంచి చీర ఏదని సుమకు రోజూ ఫోను చేసేవారు. ఆమె వాళ్లకు సర్దిచెప్పేది తప్ప మామను ఒక్క మాట అనలేదు. అనకపోవడం మరీ అనుమానంగా తోచింది.

కేబిన్ పూర్తయింది. పొద్దున్నే సుమ పాపతో అక్కడికి వెళ్లేది. ఇల్లంతా మగ్గానికీ అతనికీ మిగిలింది. కోరుకున్నది అదే కదా, మరి ఎందుకో దిగులుగా ఉండేది. కిటికీలోంచి ఆ పచ్చటి గడ్డి మీద పాప దొర్లుతుంటే చూసి, మళ్లీ తల దించుకునేవాడు.

ఎంత సాగదీసినా చీర చీరే. చివరికి రెండు మూరలే మిగిలాయి. పాత పడుగు కొసలకు కొత్త పడుగు దారాలు ఒక్కొక్కటే కలిపి మెలిపెడితే మగ్గం ఆగకుండా సాగుతుంది. ఆ అతికే పని చేసే కుళ్ళాయమ్మను, కొడుకు డ్యూటీకి వెళ్లాక, కోడలు పెరట్లో ఉన్నప్పుడు రమ్మన్నాడు. ఆమె ఆ వీధిదే, సుమకు వరసకు చిన్నమ్మ. వచ్చి వేళ్లకు బూడిద అద్దుకుంటూ, ఈ దొంగచాటు పని ఎందుకని అడిగింది. ఆంజనప్ప లోపల పెట్టుకున్నదంతా కక్కేశాడు. కేబిన్, కిటికీ, చెక్క, గుసగుసలు.

కుళ్ళాయమ్మ వేళ్లు ఆగిపోయాయి.

“బిడ్డ మీద ఒట్టు పెట్టించుకునిందన్నా సుమ, చెప్పొద్దని. అయినా నువ్వు ఇట్ల అనుకుంటాండావంటే చెప్పకపోతే పాపం. యామిని నుదుట కుట్లు పడినాయే, అది బాత్రూము మెట్టు మీద జారి కాదు. నువ్వు టీకి పోయింటివి. గుంత తెరిచి ఉండె. బిడ్డ నడుచుకుంటా వచ్చి అందులో పడె. పలక తగిలి నెత్తురు. నేనూ సుమ ఆటోలో ఎత్తుకోని పోతిమి.”

ఆంజనప్ప వంగి గుంతలోని పలక వైపు చూశాడు.

మగ్గం ఆ రోజే పీకేద్దామని లక్ష్మీకాంత్ అన్నాడట. సుమ ఒప్పుకోలేదట. గుంత తన వల్లే తెరిచి ఉండిందని తెలిస్తే మామ మళ్లీ మగ్గం మీద కూర్చోడు, ఆయన ఉండేది ఆ మగ్గంలోనే, కావాలంటే మనమే బయటికి పోయి ఉందాం అందట. కేబిన్ అలా పుట్టింది. కుళ్ళాయమ్మ చెబుతూనే ఉంది. ఆంజనప్పకు మాత్రం వేరే సంగతి గుర్తొస్తోంది. పాప నుదుటి కట్టు చూసి తను కోడలిని మూడు రోజులు తిట్టాడు. ఒక్క బిడ్డను చూసుకోను చేతకాదా, కళ్లు ఫోనులో పెట్టుకుంటే ఇంతే అన్నాడు. వీధిలో నలుగురు వినేటట్టు అన్నాడు. సుమ తల వంచుకుని అన్నీ పడింది.

కొత్త పడుగు అతకనివ్వలేదు. కుళ్ళాయమ్మను పంపించేశాడు. మిగిలిన రెండు మూరలూ ఆ సాయంత్రమూ, మర్నాడు మధ్యాహ్నం దాకా కూర్చుని నేసేశాడు. నొప్పులన్నీ ఏమయ్యాయో ఆయనకే తెలియాలి. తర్వాత పెళ్లిచీరతో పాటు, అతుకుకని వదలాల్సిన కొసలు కూడా వదలకుండా మొత్తం కోసేశాడు. ఆదివారం కావడంతో లక్ష్మీకాంత్ ఇంట్లోనే ఉన్నాడు. కత్తెర చప్పుడుకు పరుగున వచ్చి, ఖాళీ మగ్గం చూసి నిలబడిపోయాడు. వెనకే సుమ.

“మగ్గం ఆ కేబిన్లో పెట్టండి. ఆడ నేల కోయించి గుంత తవ్వించండి. తలుపుకు తాళముండల్ల. ఈడ పూడ్చేయండి,” అన్నాడు ఆంజనప్ప.

“ఎవరు చెప్పినారు మామా?” అంది సుమ.

ఆమె ముఖం చూడలేకపోయాడు. “మూడు దినాలు తిడితినే. ఒక్క మాటన్నా చెప్పకపోతివే తల్లీ.”

“చెప్తే మీకు మగ్గం ఉండదు మామా.”

అంతలో పెరట్లోంచి యామిని వచ్చింది. పడసాల గడప దాకా పరుగెత్తి, అక్కడ టక్కున ఆగి, ఒంటి కాలు ఎత్తి పట్టుకుని తల్లి వైపు చూసింది. పోకూడదు కదా అన్నట్టు వేలు అడ్డంగా ఊపింది. తన సొంత ఇంట్లో ఎక్కడ ఆగిపోవాలో ఆ బిడ్డకు ఎంత బాగా నేర్పారో ఆంజనప్ప అప్పుడే మొదటిసారి చూశాడు.