పోలికకు ఒక మనిషి

డ్రైవింగ్ స్కూలు మాస్టారికి కళ్ళు నెత్తికెక్కాయని వీధిలో అనుకోవడం మొదలైంది. ఎదురుపడితే పలకరించడు, నవ్వితే నవ్వడు, చూపు ఎక్కడో దూరాన నిలిపి నడుస్తాడు. నేర్చుకునేవాళ్ళు కారు తీసుకెళ్ళి గోడకు గుద్దినా నవ్వించి ధైర్యం చెప్పిన మనిషి ఇలా బిగుసుకుపోయాడేమిటని భార్యకే వింతగా ఉండేది. ఆ తర్వాత పడిపోవడం మొదలైంది. ముందుకు కాదు, నిలుచున్నవాడు నిలుచున్నట్టే వెనక్కి విరుచుకుపడేవాడు.

మొదట చూసిన డాక్టరు పార్కిన్సన్స్ అన్నాడు. మాత్రలు మింగించారు, మోతాదు పెంచారు, గుణం కనిపించలేదు. చేతులు వణకడం లేదు కదా అని భార్య అడిగితే, అందరికీ వణకవని డాక్టరు సర్దిచెప్పాడు. భోజనం చేస్తుంటే మాస్టారి చెయ్యి కంచం పక్కన పడేది. మెట్లు దిగబోయి గాల్లో అడుగు వేసేవాడు. కింద చూసుకోరేమండీ అని ఆవిడ విసుక్కునేది. నిజంగానే కిందికి చూడలేకపోతున్నాడన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

అది కనిపెట్టింది పెద్దాసుపత్రి పరిశోధన విభాగంలోని డాక్టరమ్మ. తల కదపకుండా తన వేలినే చూడమంది. వేలు పక్కలకు కదిలితే ఆయన కళ్ళు నిదానంగానైనా వెంట వెళ్ళాయి. కిందికి దిగితే ఉన్నచోటే ఆగిపోయాయి. ఇది పార్కిన్సన్స్ కాదనీ, దాన్ని పోలి ఉండి డాక్టర్లనే తికమకపెట్టే పీఎస్పీ అనే అరుదైన జబ్బనీ, నయంచేసే మందు ఇంకా లేదనీ చెప్పింది. ఏదీ దాచలేదు.

చూపు కదలికలను కెమెరాతో కొలిచి, ఈ రెండు జబ్బులనూ తొలిరోజుల్లోనే వేరుచేసి చెప్పగలమా అన్నది ఆ విభాగం పరిశోధన. అందులో చేరితే మా ఆయనకేం లాభమని భార్య అడిగింది.

"ఈయనకు పెద్దగా ఉండకపోవచ్చమ్మా. తర్వాత వచ్చేవాళ్ళకు ఉంటుంది," అంది డాక్టరమ్మ.

మాస్టారు మాటలు కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. "నా మొదటి బ్యాచి... మొత్తం... నేను నేర్పడం నేర్చుకోవడానికే సరిపోయింది," అన్నాడు. "కానివ్వండి."

పోల్చి చూడడానికి అదే వయసు ఆరోగ్యవంతులు కూడా కావాలన్నారు. ఎలాగూ తోడు వచ్చి ఊరికే కూర్చునేదాన్నేగా అని భార్య తన పేరూ ఇచ్చింది. గడ్డం ఒక చట్రానికి ఆనించి, తెరమీద గెంతే చుక్కను కళ్ళతో వెంటాడాలి. ఆవిడ చూపు చుక్కతో పాటే గెంతింది. బ్రహ్మాండంగా చేశారని టెక్నీషియన్ మెచ్చుకుంటే ఆయన్ని మించిపోవడం ఆవిడకు నచ్చలేదు. పక్క గదిలో ఆ చుక్క కోసమే ఆయన ఎంత అవస్థ పడ్డాడో అద్దాల కిటికీలోంచి చూసింది మరి.

అందుకే మరుసటిసారి కావాలనే నిదానంగా చూసింది. చుక్క కిందికి పోతే పోనిచ్చి ఊరుకుంది. ఆ లెక్కలు చూసి డాక్టరమ్మ కంగారుపడి, ఈవిడకు కూడా ఏమైనా మొదలైందా అని పరీక్షలకు సిద్ధపడేసరికి అసలు విషయం చెప్పక తప్పలేదు.

డాక్టరమ్మ కోప్పడలేదు. కుర్చీ దగ్గరకు లాక్కుని, "మీరు సరిగ్గా చూస్తేనే ఆయన కష్టం ఎంతో మాకు తెలిసేది," అంది.

సంగతి విన్న మాస్టారి మొహంలో కదలిక లేదు కానీ భుజాలు మాత్రం కదిలాయి. ఆయన నవ్వుతున్నాడని ఆవిడకు ఒక్కదానికే తెలిసింది. "పాసవడానికి కాపీ కొడతారు... ఫెయిలవడానికి కొట్టింది నువ్వే," అన్నాడు. ఆ తర్వాత ఆవిడ ఏనాడూ చుక్కను వదల్లేదు.

ఆ విభాగంవాళ్ళే ఆయనకు పట్టకపు అద్దాలు బిగించిన కళ్ళజోడు ఇప్పించారు. కింద ఉన్నది ఎదురుగా కనిపించేలా చేస్తుందది. మొదటిరోజు దాన్ని పెట్టుకుని కంచంవంక తేరిపార చూసి, "రోజూ... ఇదేనా పెడుతున్నావు?" అన్నాడు. ఆవిడ నవ్వాపుకోలేకపోయింది.

ఆయన చక్రాల కుర్చీలోకి మారిన కొన్నాళ్ళకు, ఆసుపత్రి వరండాలో ఒక టైలరమ్మ కలిసింది. ఆమెకు కూడా మొదట పార్కిన్సన్స్ అనే చెప్పారట. కెమెరా పరీక్షలో మాత్రం పీఎస్పీ ఛాయలు బయటపడ్డాయి. చాలా ముందుగా తెలిసింది కనుక కొత్త మందు ప్రయోగానికి ఆమెను ఎంపిక చేశారు. జబ్బు ముదిరినవాళ్ళను అందులోకి తీసుకోరు.

మాస్టారి భార్యకు అది మింగుడుపడలేదు. ఇంతకాలం తిరిగింది తాము, మందు దక్కేది ఈమెకా? మొహం తిప్పుకుని కిటికీవైపు చూస్తూ కూర్చుంది. టైలరమ్మే మొహమాటపడుతూ, కుర్చీలో కూర్చోబోతే వెనక్కి పడిపోతున్నానని, ఇంట్లో మీరు ఆయన్ని ఎలా కూర్చోబెట్టేవారని అడిగింది.

జవాబు చెప్పకుండా ఉండలేకపోయింది ఆవిడ. లేచివెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. "పూర్తిగా వెనక్కి తిరుగు. పిక్కలకు కుర్చీ తగిలేదాకా ఆగు. ఇప్పుడు చేతులు రెండూ ఆనించి, మెల్లిగా కూర్చో తల్లీ." టైలరమ్మ కూర్చుంది. మళ్ళీ లేపి మళ్ళీ కూర్చోబెట్టింది. మాస్టారు కళ్ళజోడులోంచి చూస్తూ, "క్లచ్... మెల్లిగా," అన్నాడు. ముగ్గురూ నవ్వారు.

ఆ మందు పనిచేస్తుందో లేదో తేలడానికి ఇంకా సమయం ఉందని డాక్టరమ్మ అంటోంది. టైలరమ్మ మాత్రం తన కాళ్ళమీద తనే నడిచి వస్తోంది. మొన్న వచ్చినప్పుడు మాస్టారి చక్రాల కుర్చీకి మెత్తటి దిండు కుట్టి తెచ్చింది.