ఎర్ర బటన్ కాడి మనిషి

బొగ్గుబాయిల ముప్పై రెండేండ్లు బొగ్గు మోసే బెల్టు నడిపిన ఎల్లేశానికి, రిటైరయినంక ఒక బటన్ కాడ కొలువు దొరికింది. కరీంనగర్ అవతల గ్రానైట్ కోసే పాత షెడ్డుల వంశీధర్‌రావు పిడిగుద్దుల పోటీలు పెట్టి ఫోన్లల్ల లైవ్ ఇస్తుండు. ఇనుప జాలి లోపట ఇద్దరు కొట్టుకుంటరు, జనం ఇండ్లల్ల కూసోని చూస్తరు. అంతకుముందు ఒక పోటీల ఒకనికి దవడ ఇరిగింది, అదంతా లైవ్‌ల పోయింది. లైవ్ నడిపే యాప్ వాళ్లు పట్టువట్టిండ్రు: ఆపే బటన్ ఒకటి ఉండాలె, దాని కాడ వేరే పని లేని మనిషి కూసోవాలె.

"బాయిల నువ్వు గిసొంటి పనే చేసినవు గద ఎల్లన్నా," అన్నడు వంశీధర్‌రావు. "గీ బటన్ ఒత్తితే లైవ్ బందయితది, లైట్లు పోతయి, సైరన్ మోగుతది. జాలి లోపటోళ్లు ఆగాలె. గని నేను తల ఊపినంకనే ఒత్తు. ఊకె పరేషాన్ గాకు."

బాయిల అట్ల ఉండదు. బెల్టు పొడుగూత ఒక తాడు పోతది, గుంజితే బెల్టు ఆగుతది. మనిషి కాలో చెయ్యో బెల్టుల పడ్డదంటే, చూసినోడు ఎవడైనా సరే తాడు గుంజుడే. ఎవల్ని అడిగేది లేదు. ఎల్లేశం తన సర్వీసుల నాలుగుసార్లు గుంజిండు. అండ్ల రెండుసార్లు, ఉత్తగనే బెల్టు ఆపినవని తిట్లు తిన్నడు. అయినా వంశీధర్‌రావు మాటకు సరే అన్నడు. ఇంట్ల కూసుంటే పొద్దువోతలేదు.

ఆ ఆదివారం పగటీలి మూడింటికి జైనూర్ దిక్కు సిద్ధు, భైంసా రాకేశ్ జాలి లోపటికి పోయిండ్రు. సిద్ధుకు ఇరవై రెండేండ్లుంటయి, సన్నటోడు, కాళ్లు నేల మీద నిలువయి. రాకేశ్ పత్తి మిల్లుల బేళ్లు మోసిన మనిషి. పోతపోత సిద్ధు బటన్ దిక్కు చూసి నవ్విండు.

"ఇయ్యాల నీకు పని పడది కాకా."

మొదటి రెండు నిమిషాలు సిద్ధుదే పైచెయ్యి. రాకేశ్ ముక్కు పగిలి నోట్లెకు నెత్తురు కారింది. రాకేశ్ ఆ నెత్తురు మింగి, వంగి, సిద్ధును నడుముకాడ వట్టి జాలికేసి కొట్టిండు. ఇనుము మోగింది. మళ్ల కొట్టిండు. సిద్ధు చెవి జాలి తీగకు తట్టుకోని చీలింది. మోకాళ్ల మీద పడ్డోన్ని రాకేశ్ ఎల్లెలుకల తోసి, రొమ్ము మీద కూసోని మొకం మీద గుద్దుడు షురూ చేసిండు.

ఎల్లేశం వంశీధర్‌రావు దిక్కు చూసిండు. ఆయన చూపంతా పెద్ద తెర మీద ఉంది. చూసేటోళ్ల లెక్క ఎక్కుతనే ఉంది. ఆయన తల అడ్డంగ ఊపిండు. ఎల్లేశం వేలు బటన్ మీదనే ఉంది. ఇంకో పది గుద్దులు పడ్డయి. మళ్ల చూసిండు. మళ్ల అడ్డంగనే. జాలి లోపట సిద్ధు చేతులు పక్కలకు జారిపోయినయి. గుద్దు గుద్దుకు తలకాయ నేలకు కొట్టుకుంటుంది. ఈసారి ఎల్లేశం ఎవల దిక్కూ చూడలే. ఒత్తిండు.

ఏం కాలే. లైట్లు అట్లనే ఉన్నయి, సైరన్ మోగలే. అరచేత్తోటి బటన్‌ను కొట్టిండు. టేబుల్ కిందికి వంగి చూస్తే, బటన్ నుంచి వచ్చిన తీగ జానెడంతనే ఉంది. దాని కొసకు నల్ల టేపు చుట్టి ఉంది.

"రంజిత్, గిదేంది?"

కెమెరాలు, కంప్యూటర్ చూసే రంజిత్ తల ఎత్తలే. "సారే తీసెయ్యమన్నడు కాకా. తప్పిజారి ఒత్తితే లైవ్ పాడైతదని."

"నీ కాడ బంద్ చేసేది లేదా?"

"ఉంది. సార్ చెప్పాలె."

ఎల్లేశం గోడకున్న కరెంటు మెయిన్ దిక్కు ఉరికిండు. గేటు కాడ ఉండే వెంకటి అడ్డమొచ్చి మెడ వట్టిండు. ఎల్లేశం వాని చెయ్యి కొరికిండు. వెంకటి మోచేత్తోటి మూతి మీద ఇచ్చిండు. రెండు పండ్లు ఊడి నాలుక మీద పడ్డయి. కింద పడ్డ ఎల్లేశానికి గ్రానైట్ ముక్క చేతికందింది. దాంతోటి వెంకటి మోకాలు మీద కొట్టిండు. చిప్ప పగిలిన చప్పుడు ఇద్దరికీ వినవడ్డది. వెంకటి కాలు వట్టుకోని కూలవడ్డడు. ఎల్లేశం లేచి మెయిన్ కిందికి గుంజిండు.

లైట్లు పోయినయి. రేకుల సందులకెళ్లి ఎండ పడుతుంది గనక మనుషులు కనవడుతనే ఉన్నరు. కెమెరాలు, కంప్యూటర్, పెద్ద తెర బ్యాటరీ మీద నడుస్తున్నయి. లైవ్ పోతనే ఉంది. గుద్దులు ఆగలే.

ఇగ మిగిలింది ఒక్కటే. ఎల్లేశం జాలి గొళ్లెం తీసి లోపటికి పోయి, రాకేశ్‌ను పక్కకు నూకి సిద్ధు మీద బోర్ల పడ్డడు. రాకేశ్‌కు కింద మనిషి మారిన సోయి లేదు. ఈపు మీద, పక్కల మీద గుద్దిండు. లేచి తన్నిండు. రెండో తన్నుకు పక్కటెముక ఇరిగి ఎల్లేశానికి ఊపిరి అందలే. "సచ్చిపోతడు బిడ్డా, ఆగు," అందామనుకుంటే నోట్లెకెళ్లి నెత్తురే వచ్చింది.

"సార్, ముసలాయన్ను కొడుతుండు," అన్నడు రంజిత్.

"నడవనీ," అన్నడు వంశీధర్‌రావు.

రంజిత్ ఆయన మొకం దిక్కు చూసుకుంటనే కంప్యూటర్ల లైవ్ బంద్ చేసిండు. తెర నల్లగయ్యింది. లేచి నిలవడి జాలి దిక్కు మొత్తుకున్నడు. "లైవ్ పోయింది రాకేశ్. ఎవ్వలు చూస్తలేరు."

ఆ మాటకు రాకేశ్ ఆగిండు. ఎత్తిన కాలు కింద పెట్టిండు. కింద పడున్న తెల్ల ఎంటికల మనిషిని అప్పుడు చూసిండు. మూలకు పోయి కూసోని, వాంతి చేసుకున్నడు.

సిద్ధు బతికిండు. ఎడమ కన్ను పోయింది. బటన్ బాగనే ఉండె, ముసలోడే భయపడి ఒత్తలేదని వంశీధర్‌రావు పోలీసులకు చెప్పిండు. గని రంజిత్ తీగ సంగతి మొత్తం రాసిచ్చిండు. మూడో రోజు పోలీసులు వంశీధర్‌రావును పట్టుకపోయిండ్రు.

అదే రోజు ఎస్సై దవాఖానకు వచ్చి ఎల్లేశం మంచం పక్కన కూసున్నడు. ఎల్లేశం జరిగింది జరిగినట్టు చెప్పిండు. వెంకటి మోకాలు తనే పగలగొట్టిన అన్నడు. ఎస్సై కాయితాలు మడవబోతే చెయ్యి అడ్డం పెట్టిండు.

"ఇంకోటి రాయండి సార్. నేను రెండుసార్లు రావు సార్ మొకం చూసిన. ఒత్తనీకె నిమిషం పైన ఆగిన."

"బటన్ ఎట్లయినా పనిచేసేది కాదు గదా. గది రాస్తే నీకే తిప్పలు."

"పనిచెయ్యదని నాకప్పుడు తెల్వది గద సార్."

ఎస్సై రాసుకోని సంతకం పెట్టించుకున్నడు. ఆయన పోయినంక చూస్తే, సిద్ధు తల్లి తారాబాయి మంచం కాళ్ల దిక్కు నిలవడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో ఎల్లేశానికి తెల్వది.

"నిమిషమా?" అని అడిగింది.

"నిమిషం పైనే, చెల్లె."

తారాబాయి కొంగు మొకానికి అడ్డం పెట్టుకోని, కొడుకున్న వార్డు దిక్కు పోయింది. ఎల్లేశం అటే చూసుకుంట పడుకున్నడు. ఊపిరి పీల్చినప్పుడల్లా ఎముక లోపట పొడుస్తుండె.